వేరు పెట్టెలు, ఒక్క కాపురము

కడచిన మాసమున ఈ పుటలయందు పండుగ దినములలోని ఇంటి ఖర్చులను గూర్చి నేను వ్రాసియుంటిని. దానిని చదివిన సోదరి యొకతె, "భార్యాభర్తలు సొమ్ము వేరువేరుగా నుంచుకొనుట సంసారమునకు మేలా, కీడా?" అని నాకు జాబు వ్రాసినది. ఆ జాబునకు ప్రత్యుత్తరము వ్రాయ కూర్చుండగనే మా బంధువర్గమున జరిగిన యొక వృత్తాంతము జ్ఞప్తికి వచ్చినది. ఈ ప్రశ్ననే సముద్రముల కావల నొక ప్రభుత్వ కార్యాలయమువారు మా అక్కగారి అమ్మాయిని అడిగిరి. ఆ ప్రశ్నకు చెప్పు సమాధానమునుబట్టియే అమ్మాయి భర్తతో ఆ దేశమున నుండగలదా, లేదా యను సంగతి తేలవలసియుండెను. దేశాంతరము పోవు ఆడుబిడ్డలు మన యిండ్లలో నేడు పెక్కుమంది కలరు గనుక, ఆ కథను, దానివలన నేను తెలిసికొన్న విషయములను మీకు విన్నవించుట మంచిదని తోచినది.

మా అక్కగారికి భర్త గతించి పండ్రెండేండ్లైనది. ఉన్నవారు ఒక కూతురును, ఆమెకంటె చిన్నవాడైన యొక కుమారుడును. అమ్మాయి చదువుకొని, అమెరికాలో ఉద్యోగము సంపాదించుకొని, మొదటి నెల జీతమునుండియు తల్లి యింటి ఖర్చులకును తమ్ముని చదువునకును సొమ్ము పంపుచున్నది. 2023వ సంవత్సరము మాఘమాసమున రాజమహేంద్రవరమున ఆమెకు వివాహము జరిగినది. వరుడు తెలుగువాడే గాని, ఆ దేశముననే పెరిగి ఆ దేశపు పౌరుడైనవాడు. పెండ్లిమాటలనాడే అమ్మాయి, "నేను అమ్మకు పంపు సొమ్మును గూర్చి మన యింట ఎన్నడును తగవు రాకూడదు" అని చెప్పినదట. అతడును, "నా చదువుకై చేసిన అప్పు నీ మెడకు చుట్టుకొనరాదు" అనెనట. ఇరువురును సమ్మతించి, ఎవరి బ్యాంకు ఖాతాను వారే ఉంచుకొనిరి. అద్దె, వెచ్చములు, విద్యుత్తు మొదలగు ఖర్చులను సగము సగముగా పంచుకొనుచుండిరి. తగవనునది లేకుండ కాపురము సాగుచుండెను.

పిమ్మట అల్లుడు భార్యకు ఆ దేశమున స్థిరనివాసపు హక్కు కోరుచు దరఖాస్తు పెట్టెను. దీనినే జనులు గ్రీన్ కార్డు అందురు. పౌరుడైన భర్త పెట్టవలసిన దరఖాస్తునకు ఐ-130 అని పేరు. దానితో వివాహ ధ్రువపత్రమును జతపరచవలెను. కాని ఆ పత్రమొక్కటియే చాలదు. పెండ్లి జరిగినదని అది చెప్పును. కాపురము నిజమైనదని అది చెప్పజాలదు. కార్డు కొరకే పెండ్లియాడి, కార్డు చేతికి రాగానే ఎవరి దారిని వారు పోవువారును లోకమున నున్నారు గదా! అట్టి కపట వివాహములను అరికట్టుటకై 1986లో ఆ దేశమున ప్రత్యేకముగా నొక చట్టము చేయబడినది. తెలిసి కపట వివాహము చేసికొన్నవారికి ఐదేండ్లవరకు కారాగారమును, రెండు లక్షల యేబదివేల డాలర్లవరకు జరిమానాయు విధింపవచ్చును. అట్టి వివాహము చేసికొన్నట్లు ఒకసారి తేలినచో, తరువాత నిజమైన వివాహమే చేసికొన్నను దాని మూలమున కార్డు పొందు మార్గము మూసికొనిపోవును. కావున అధికారులు నిక్కి నిక్కి చూచుటలో అన్యాయమేమియు లేదు.

2024 వసంతకాలమున దంపతులను పిలిచి ప్రశ్నించిరి. కొన్ని వారములకు ఇంటికొక లేఖ వచ్చినది. "మీ యిరువురి ధనము కలిసియున్నట్లు తగిన ఆధారములు కానరాలేదు. మీ వివాహము నిజమైనదని చూపు మరికొన్ని సాక్ష్యములను పంపుడు" అని దాని సారాంశము. అట్టి లేఖలకు ఉత్తరమిచ్చుటకు ఒసగెడి గడువు పండ్రెండు వారములకు మించదు. గడువు తేదీ లేఖలోనే యుండును, దానిని పొడిగింపరు.

ఆ రాత్రి అమ్మాయి నాకు ఫోను చేసి, "పిన్నీ, అమ్మకు చెప్పవద్దు. అమ్మకు సొమ్ము పంపుటకే నేను ఖాతా వేరుగా నుంచుకొంటిని. ఇప్పుడదియే నేరమైనది. దీనివలన నేను వెనుకకు రావలసివచ్చినచో అమ్మ తన్ను తానే నిందించుకొనును" అని కంటనీరు పెట్టుకొనినది. అత్తగారు వేరొక నగరమునుండి ఫోనులో, "కోడలు సొమ్ము దాచుకొన్నందువలననే గదా నా కుమారునికి ఈ తిప్పలు" అని యొక మాట అనిరట. అల్లుని స్నేహితుడొకడు వచ్చి, "ఈ వారమే యిద్దరి పేర ఖాతా తెరచి అందు పదివేల డాలర్లు వేయుడు, అంతయు సర్దుకొనును" అని సలహా యిచ్చెనట. ఏమి చేయుదునని అమ్మాయి నన్నడిగినది.

నేను న్యాయవాదిని గాను. పల్లెటూరి బడిపంతులుగారి భార్యను. ఇంట మా తండ్రిగారు చెప్పిన కావ్యములు తప్ప నాకు వేరు చదువు లేదు. కాని ఆ మాట వినగానే నాకు శకుంతల జ్ఞప్తికి వచ్చినది. నిండుసభలో నిలిచి, "నేను నీ భార్యను" అని చెప్పుకొనవలసిన దుఃస్థితి ఆమెకు పట్టలేదా? కాళిదాసుని నాటకమున ఆమెకు సాక్ష్యము ఉంగరము; అది నీట జారిపోయెను. భారతమున ఉంగరపు ప్రసక్తియే లేదు; అచట ఆకాశవాణి సాక్ష్యము పలికినది. ఇక సుందరకాండమున సీతమ్మ హనుమంతునకు చూడామణి నిచ్చుటయే గాక, చిత్రకూటమున కాకి చేసిన యాగడపు కథను గూడ ఆనవాలుగా చెప్పినది. అది భార్యాభర్తల కిరువురకే తెలిసిన కథ. చూచితిరా! ఒకచోట వస్తువు సాక్ష్యము, ఒకచోట ఇతరుల మాట సాక్ష్యము, మరియొకచోట ఇద్దరి నడుమనున్న జ్ఞాపకము సాక్ష్యము. ఉంగరమొక్కటి పోయినంతమాత్రమున దాంపత్యము అబద్ధమగునా?

అమ్మాయి అచటి న్యాయవాదిని సంప్రదింపగా తెలిసినదియు ఇట్లే యున్నది. ఆ దేశపు నిబంధనలలో దంపతులు చూపదగిన సాక్ష్యములు ఆరు విధములుగా చెప్పబడినవి. ఇద్దరి పేర నున్న ఆస్తి, ఇద్దరును ఒక్క యింట నివసించుచున్నట్లు తెలుపు అద్దె ఒడంబడిక, ఇద్దరి ధనము కలిసియున్నదని చూపు పత్రములు, సంతానపు జననపత్రములు, ఎరిగినవారి ప్రమాణపత్రములు, ఇవి గాక కాపురము నిజమని చూపగల మరి యే పత్రమైనను. ధనము కలియుట ఆరింటిలో నొకటి మాత్రమే. అది ఉండితీరవలెనను నియమము లేదు. కాని అది లేనప్పుడు ఆ చోటు వెలితిగా కనబడును. ఆ వెలితిని మిగిలిన వానితో నింపవలెను. సంశయము లేశమైనను లేకుండ నిరూపింపవలెనని గూడ లేదు. నిజమగుటకే హెచ్చు అవకాశమున్నదని అధికారికి తోచినచో చాలును.

1975లో బార్క్ అను నాతని వ్యాజ్యమున అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ముఖ్యమైన మాట యొకటి చెప్పినది. పెండ్లినాటికి ఇరువురకును కలిసి జీవింపవలెనను సంకల్పమున్నదా లేదా యనునదియే పరీక్ష. స్వదేశపు పౌరుల దాంపత్యముకంటె విదేశీయుల దాంపత్యము ఎక్కువ ఆచారబద్ధముగానో, ఎక్కువ సఫలముగానో ఉండవలెనని కోరరాదని దాని తాత్పర్యము. ఆస్ట్రేలియా దేశపు 1994 నాటి వలస నిబంధనలును దాంపత్యమును నాలుగు వైపులనుండి చూడుమనుచున్నవి: ధనవిషయము, ఇంటి నిర్వాహము, సంఘములో వారి వర్తనము, ఒకరియెడ నొకరికి గల నిబద్ధత. అచటను ధనము నాలుగింటిలో నొకటియే.

ఇక స్నేహితుని సలహాను గూర్చి. లేఖ వచ్చిన మరునాడు తెరచిన ఖాతా తన తేదీని తానే చాటుకొనును. అది నేరము కాదు గాని, గడచిన కాలమును గూర్చి అది ఏ సాక్ష్యమును చెప్పజాలదు. దానిని చూపి, "మేము మొదటినుండియు ధనము కలిపియే యుంచితిమి" అనినచో అది అబద్ధమగును. నిజమైన వివాహమునకు అబద్ధపు సాక్ష్యము తెచ్చుటకంటె అవివేక మున్నదా? మావారు లెక్కలు చెప్పు ఉపాధ్యాయులు. ఈ సంగతి విని వారు, "జవాబు సరియైనను మెట్లు చూపని పిల్లవానికి నేను పూర్తి మార్కులు వేయను. ఎక్కడనుండి చూచి వ్రాసినాడో యని అనుమానింతును. వీరిని జవాబు మార్చవద్దనుము, మెట్లు చూపుమనుము" అనిరి. ఆ మాట నాకు నచ్చినది, అమ్మాయికి చెప్పితిని.

వారు మెట్లు చూపిన విధము వినుడు. మొదట ఇరువురును కలిసి రెండు పుటల వివరణలేఖ వ్రాసిరి. ఎవరి ఖాతానుండి ఏ ఖర్చు జరుగునో, ఎందుకట్లు ఏర్పరచుకొనిరో దాచక చెప్పిరి. అద్దె మొత్తము అమ్మాయి ఖాతానుండి పోవును. తన సగమును అల్లుడు నెలనెలయు మొదటి తేదీన ఆమెకు పంపును. ఆ పంపిన సొమ్ముల పట్టిక నెలలవారీగా నున్నది. ప్రతిదానికిని "అద్దె", "వెచ్చములు", "విమానపు టిక్కెట్టు" అని గురుతు వ్రాయబడియున్నది. విడివిడి ఖాతాలనుండియే ఒక్క కాపురము నడచుచున్నదని చెప్పుటకు ఇంతకంటె ఏమి కావలెను?

తరువాత అద్దె ఒడంబడిక, విద్యుత్తు బిల్లులు, ఇరువురి డ్రైవింగు లైసెన్సులు సేకరించిరి. అన్నిటను ఒకే చిరునామా. అల్లుని ఉద్యోగపు ఆరోగ్యబీమాలో భార్య పేరున్నది. అతని విశ్రాంతివేతనపు నిధిలో తన తదనంతరము సొమ్ము చెందవలసినది భార్యకేయని వ్రాసియున్నది. అమ్మాయి ఆపత్సమయమున పిలువవలసిన వ్యక్తిగా ఉద్యోగశాలలోను, వైద్యుని యొద్దను భర్త పేరే వ్రాయించియున్నది. సోదరీమణులారా, గమనింపుడు. బ్యాంకు ఖాతా కలిసియుండుట నేటి సొమ్మునకు సంబంధించినది. నేను పోయినచో నా సొమ్ము నీది, నేను పడిపోయినచో నన్నెత్తవలసినది నీవు అని వ్రాసియిచ్చుట అంతకంటె లోతైన నమ్మకమునకు గురుతు. అయినను చాలమంది ఈ కాగితములను లెక్కలోనికే తీసికొనరు.

ఆదాయపు పన్ను విషయమున నొక మాట. మన దేశమున ఆలుమగలు పన్ను లెక్కను ఎవరిది వారే చూపుదురు. కలిపి చూపు పద్ధతి లేదు. ఆ దేశమున వివాహితులు కలిపియైనను, విడివిడిగానైనను చూపవచ్చును. విడిగా చూపుట తప్పు గాదు. కాని డిసెంబరు 31వ తేదీనాటికి వివాహమై, కలిసి కాపురము చేయుచున్నవారు "అవివాహితులము" అని చూపరాదు. మన బిడ్డలు అలవాటు చొప్పున ఈ పొరపాటు చేయుదురు. అది పన్నులవారియొద్దనే గాక, కార్డువారియొద్దను ఎదురు సాక్ష్యమగును.

ఇక ఎరిగినవారి ప్రమాణపత్రములు. "వీరు మంచి దంపతులు, నిజమైన దంపతులు" అని వ్రాసిన పొగడ్త పనికిరాదు. వ్రాయువారి పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన చోటు, దంపతులతో గల బంధుత్వము తెలుపవలెను. ఆ వివాహమును గూర్చి తమ కెట్లు తెలిసినదో సవివరముగా చెప్పవలెను. పొరుగింటామె, అమ్మాయికి ఒకమారు జ్వరము తీవ్రమైనప్పుడు అల్లుడు నడిరాత్రి తమ తలుపు తట్టి మందుకై వచ్చిన సంగతి వ్రాసినది. అట్టిదియే సాక్ష్యము.

ఒక ప్రమాణపత్రము మా అక్కగారు వ్రాయవలసివచ్చినది. అప్పుడు దాచుట వీలుగాక నేనే పోయి విషయమంతయు చెప్పితిని. అక్కయ్య చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "నా కూతురు కాపురము చేయుచున్నదని నేను ఒట్టు పెట్టుకొనవలెనా?" అని యడిగినది. "ఒట్టు కాదక్కయ్యా, ఆకాశవాణి పలికినట్లు నీవు పలుకుచున్నావు" అంటిని. తెలుగున నాలుగు పుటలు వ్రాసినది. కన్యాదానము చేసిన మరిది పేరు, అల్లుడు రెండుసార్లు వచ్చి తన యింట నున్న దినములు, తన కంటికి శస్త్రచికిత్స జరిగిననాడు అతడు ఫోను చేసి అడిగిన మాటలు, అన్నియు వ్రాసినది. చివర, "నా కూతురు నాకు పంపు సొమ్ము సంగతి అల్లునికి పెండ్లికి ముందే తెలియును" అని వ్రాసి సంతకము చేసినది. తెలుగు పత్రము నట్లే పంపరాదు. సంపూర్ణమైన ఆంగ్లానువాదమును జతపరచి, అనువాదము సరియైనదనియు తనకు రెండు భాషలును వచ్చుననియు అనువాదకుడు వ్రాసియీయవలెను. శుభలేఖకును ఇదియే నియమము.

అల్లుడు తన లేఖలో వ్రాసిన యొక వాక్యము అమ్మాయి నాకు చదివి వినిపించినది. "నా భార్య తన తల్లికి సొమ్ము పంపుట చూచియే, ఈమెను నమ్మవచ్చునని నేను నిశ్చయించుకొంటిని" అని. ఆ మాట వినిన పిమ్మట అత్తగారును మనసు మార్చుకొని, తామును ఒక ప్రమాణపత్రము వ్రాసియిచ్చిరి.

ఆ సంవత్సరము శరత్కాలమున కార్డు వచ్చినది. కాని కథ ముగియలేదు. కార్డు ఇచ్చునాటికి పెండ్లియై రెండేండ్లు నిండనియెడల ఆ కార్డు షరతుతో కూడినదై రెండేండ్లు మాత్రమే చెల్లును. ఆ గడువు ముగియుటకు ముందు తొంబది దినములలోపల ఇరువురును కలిసి మరల దరఖాస్తు పెట్టి, కాపురము నిజమైనదని మరల చూపవలెను. కావున అమ్మాయి ఇప్పుడు నెలకొకమారు కాగితములను కూర్చి భద్రపరచుచున్నది.

సోదరీమణులారా! ఈ సందర్భమున మీకు గట్టిగా చెప్పవలసిన మాట యొకటి కలదు. ఈ కాగితముల ప్రతులు భార్య చేతిలోను వేరుగా నుండవలెను. అందరి కాపురములును మా అమ్మాయి కాపురమువంటివి కావు. వివాహము విచ్ఛిన్నమైనను, భర్త క్రూరముగా హింసించినను ఆ దేశపు చట్టము స్త్రీకి దారి మూయలేదు. కలిసి పెట్టవలసిన దరఖాస్తును ఆమె ఒంటరిగా పెట్టుకొనవచ్చును. కాని విడాకులైనప్పుడును, హింస జరిగినప్పుడును, వివాహము సద్భావముతో జరిగినదని ఆమె చూపవలెను. కాగితములన్నియు భర్త పెట్టెలో నున్నచో ఆ దినమున ఆమె గతియేమి? "కార్డు రాదు" అను బెదిరింపునకు లొంగి దెబ్బలు సహించు బిడ్డలకు ఈ సంగతి తెలియజేయుట మన విధి.

ఇక నాకు జాబు వ్రాసిన సోదరికి సమాధానము. స్త్రీకి తనదైన ధనముండుట పాశ్చాత్యులవలన మనకు వచ్చిన క్రొత్త కాదు. స్త్రీధనమని మన ధర్మశాస్త్రములు ఏనాడో పేరు పెట్టినవి. మనువు దానిలో ఆరు విధములను చెప్పినాడు. మరియొక వైపున, పాండవుల ఆదాయవ్యయములన్నియు తానెరుగుదునని ద్రౌపది సత్యభామకు చెప్పిన కథయు భారతముననే యున్నది. ఈ రెండింటికిని విరోధము లేదు. సొమ్ము వేరు పెట్టెలలో నుండవచ్చును. కాని ఆ పెట్టెలలో నేమున్నదో, ఎందుకున్నదో ఇరువురకును తెలిసియుండవలెను. కార్డు కొరకు స్త్రీధనమును కలిపివేయవలదు. భర్తకు తెలియకుండ దాచుకొనవలదు. మా అమ్మాయిని కాపాడినది ఆ దాపరికము లేకపోవుటయే.

మీ బిడ్డలెవరైన ఇట్టి స్థితిలో నున్నచో మొదట ఆ దేశమున అనుజ్ఞ పొందిన న్యాయవాదిని సంప్రదింపుడు. చట్టములు మారుచుండును, ఒకరి కాపురమువలె మరియొకరి కాపురముండదు. ఇచట చేయదగినది నేడే చేయవచ్చును. వివాహమును రిజిస్టరు చేయింపుడు. 2002 నాటి చట్టమువలన ఆంధ్రప్రదేశమున అది నిర్బంధము. శుభలేఖను, పెండ్లిచిత్రములను, అల్లుడు కూతురు వచ్చిపోయిన ప్రయాణపు టిక్కెట్లను పారవేయక ఒకచోట దాచుడు. మా అక్కయ్య వాటి నిప్పుడు పూజామందిరపు అరలో, గంధపు పెట్టె ప్రక్కను పెట్టుకొనినది. ఎందుకక్కడ అని యడిగితిని. "రెండేండ్లకు మరల అడుగుదురట గదా, వెదకుకొనకుండ" అనినది.